ఆ ముప్ఫై రోజులు మనవి కావు: అమెరికాలోని తెలుగు ఇన్వెస్టర్లకు, రియల్టర్లకు, సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

అమెరికాలో ఇళ్ల మీద పెట్టుబడి పెడుతున్న తెలుగువారికి, తెలుగు రియల్టర్లకు, తెలుగు సంఘాల కార్యవర్గాలకు,

నమస్కారం.

నేను ఓహియోలో, క్లీవ్‌లాండ్ దగ్గర ఉంటాను. వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శనివారం వస్తే ఇక్కడి ఒక చిన్న నాన్‌ప్రాఫిట్ సంస్థకు వలంటీరుని. కుళ్లిన కార్పెట్లు పీకుతాను, గోడలకు రంగులు వేస్తాను, సాయంత్రం ఎక్సెల్‌లో ఇంటి ఖర్చుల లెక్క రాస్తాను. లోను కట్టలేక జప్తయి (ఫోర్‌క్లోజర్) ప్రభుత్వం చేతికి వచ్చిన ఇళ్లను కొని, బాగుచేసి, నెలజీతం మీద బతికే కుటుంబాలకు అందే ధరకు అమ్మడం ఆ సంస్థ పని.

ఈ విషయాలు నేను ముందు నాలుగు గోడల మధ్యే చెప్పాలనుకున్నాను. పోయిన ఏడాది ఒక తెలుగు సంఘం సభల్లో హడ్ ఇళ్లు, అంటే అలా ప్రభుత్వం చేతికి వచ్చిన ఇళ్లు, కొని అద్దెలకివ్వడం గురించి ఒక సెషన్ పెట్టారు. అక్కడ చెప్పిన ఒక కిటుకు విని నాకు నోట మాట రాలేదు. సంఘానికి ఈమెయిల్ రాశాను. "సభల హడావుడి అయ్యాక మాట్లాడదామండి" అని జవాబు. రెండోసారి రాస్తే అదీ లేదు. సెషన్ చెప్పిన రియల్టర్ గారికి రాస్తే, లీగల్ సంగతులు క్లయింట్లే చూసుకోవాలన్నారు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను. ఎవరి పేరూ రాయడం లేదు. ఆ సెషన్లో కూర్చున్నవాళ్లకు ఎవరి గురించో తెలుసు.

తెలియనివాళ్ల కోసం అసలు సంగతి ముందు చెప్తాను. ఇంటి లోన్లకు ప్రభుత్వం తరఫున ఇన్సూరెన్స్ ఇచ్చే సంస్థ ఎఫ్‌హెచ్‌ఏ. 1934లో పుట్టింది, 1965లో హడ్ అనే గృహనిర్మాణ శాఖలో కలిసింది. 3.5 శాతం డౌన్‌పేమెంట్‌తో ఇల్లు కొనుక్కునేవాళ్లకు అదే ఆసరా. మనలో చాలామంది మొదటి ఇల్లు ఆ లోనుతోనే కొన్నారు. లోను కట్టలేకపోతే బ్యాంకు ఇంటిని జప్తు చేసుకుని, ఇన్సూరెన్స్ డబ్బు తీసుకుని, ఇంటిని హడ్‌కి అప్పజెబుతుంది. అదే హడ్ హోమ్. ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతారు. పైకప్పు కారినా, బేస్‌మెంట్‌లో నీళ్లు నిలిచినా హడ్ రిపేరు చేయించి ఇవ్వదు. బిడ్ మాత్రం హడ్ దగ్గర రిజిస్టరైన బ్రోకరు ద్వారానే వేయాలి.

కొత్తగా లిస్టింగ్‌లోకి వచ్చిన ఇంటికి మొదట కొన్ని రోజులు ఇన్వెస్టర్లు బిడ్ వేయకూడదు. ఆ రోజులు ముగ్గురికే: ఆ ఇంట్లో తామే ఉండబోయేవాళ్లకు, ప్రభుత్వ సంస్థలకు, హడ్ ఆమోదం ఉన్న నాన్‌ప్రాఫిట్లకు. పెద్ద ఇన్వెస్టర్ల కంటే ముందు వీళ్లకు అవకాశం ఇవ్వాలని 2021 సెప్టెంబరు 1న వైట్‌హౌస్ ప్రకటించింది. పదిహేను రోజులుగా ఉన్న గడువు 2022లో ముప్ఫై అయింది. ప్రభుత్వాలు మారితే ఆ అంకె మారొచ్చు, కానీ ఆ గడువు ఎవరి కోసం పెట్టారన్నదాంట్లో సందేహం లేదు.

'తామే ఉండబోయేవాళ్లు' (ఓనర్ ఆక్యుపెంట్) అని రుజువు చేసేది ఒకే ఒక్క కాగితం. కొనేవాళ్లు దాని మీద సంతకం పెడతారు. కనీసం పన్నెండు నెలలు ఆ ఇంట్లోనే ఉంటాను, గత ఇరవై నాలుగు నెలల్లో ఇలా ఇంకో హడ్ ఇల్లు కొనలేదు అని. బ్రోకరు కూడా సంతకం పెడతాడు. అబద్ధమైతే రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, రెండేళ్ల దాకా జైలు అని ఆ కాగితం మీదే రాసి ఉంటుంది.

సెషన్లో చెప్పిన కిటుకు ఈ సంతకం గురించే. "ఓనర్ ఆక్యుపెంట్ అని టిక్ పెట్టెయ్యండి, ఎవరూ వచ్చి చూడరు. మీ పేరు మీద అయిపోతే మీ మిసెస్ పేరు, తర్వాత మీ బావమరిది పేరు." హాల్లో నవ్వులు. నా పక్కన కూర్చున్నాయన ఫోన్లో నోట్ చేసుకున్నారు.

ఆ నవ్వు ఇక్కడ ఎలా దిగిందో చెప్తాను.

క్లీవ్‌లాండ్‌లో స్లావిక్ విలేజ్ అని ఒక పేట ఉంది. ఒకప్పుడు ఉక్కు మిల్లుల్లో పనికి వచ్చిన పోలిష్, చెక్ కుటుంబాలు కట్టుకున్న చెక్క ఇళ్లు. 2007లో దేశంలోకెల్లా ఎక్కువ ఫోర్‌క్లోజర్లు పడ్డ జిప్ కోడ్ అదేనని పత్రికలకెక్కింది. ఖాళీ ఇళ్లలో దొంగలు రాగి పైపులు కోసుకెళ్లారు, బయటి గోడల అల్యూమినియం రేకులు ఊడబెరుక్కుపోయారు. తర్వాత పాడుబడ్డ ఇళ్ల సంగతి చూడ్డానికి 2009లో మొదలైన కౌంటీ లాండ్ బ్యాంక్ వేల ఇళ్లను కూల్చాల్సి వచ్చింది. మిగిలిన వాటిలో ఒక రెండంతస్తుల ఇల్లు హడ్ లిస్టింగ్‌లోకి వచ్చింది. చలికి పైపులు పగలకుండా నీళ్లు కట్టేసి, టాయిలెట్లో గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోసి పెట్టారు. ఈ ఇళ్లు చూసి చూసి ఆ రంగు నాకు ఎక్కడ కనిపించినా హడ్ ఇల్లే గుర్తొస్తుంది. అటక మీద తేమ, కిచెన్ సగం లేదు, కానీ పునాది గట్టిది. మా లిస్టులో ఒక తల్లి ఉంది. నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఇల్లు కొనేవాళ్ల క్లాసు పూర్తి చేసి, క్రెడిట్ స్కోరు సరిచేసుకుని ఎదురుచూస్తోంది. మేం లెక్కలు వేసి బిడ్ పెట్టాం. పోయింది. ఎవరో ఓనర్ ఆక్యుపెంట్ ఎక్కువ వేశారన్నారు. సరే, ఎవరో ఒక కుటుంబం ఉంటుంది కదా అనుకున్నాం.

రెండు నెలలయ్యాక ఆ ఇంటి ముందు 'అద్దెకు ఇవ్వబడును' బోర్డు. నంబరుకి ఫోన్ చేశాను. ఎత్తినాయన ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి, నా పేరు వినగానే తెలుగులోకి మారారు. "మీరూ మనవాళ్లేనా! అయితే ఇంకో రెండు ఇళ్లున్నాయండీ, అవి కూడా చూడండి." ఆయన ఉండేది టెక్సాస్‌లో. మర్యాదగా మాట్లాడారు. ఏదో తప్పు చేశానన్న బెరుకు గొంతులో ఎక్కడా లేదు. నన్ను కుదిపేసింది అదే.

దీనివల్ల ఎవరికి ఏమవుతుందో వరసగా రాస్తాను.

1. నాన్‌ప్రాఫిట్లు మీతో వేలంలో పోటీ పడలేవు, ఎందుకంటే వాటి చేతులు కట్టేసి ఉంటాయి. ప్రాంతాన్ని బట్టి వాటికి 30 శాతం దాకా తగ్గింపు వస్తుందని అందరూ చెప్పుకుంటారు, ఆ తగ్గింపుతో వచ్చే షరతులు చెప్పరు. ఇల్లు కొని, రిపేరు చేసి, తిరిగి అమ్మేటప్పుడు ఖర్చు మొత్తానికి 110 శాతం మించి ధర పెట్టకూడదు. కొనే కుటుంబం ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయానికి 115 శాతం దాటకూడదు. ఉదాహరణకు 70 వేలకు ఇల్లు కొన్నాం, రిపేర్లు 50 వేలు, మిగతా ఖర్చులు 10 వేలు అనుకోండి. మొత్తం లక్షా 30 వేలు. అమ్మే ధర లక్షా 43 వేలు దాటకూడదు. నర్సింగ్ హోమ్ జీతంతో అది కష్టమ్మీద అందుతుంది. ఇప్పుడు ఎవరో 85 వేలు వేశారు. మేమూ అంతే వేస్తే ఖర్చే లక్షా 45 వేలు. ఆమెకు అందే ధర కంటే ఎక్కువ ఖర్చుతో మొదలుపెట్టి, నష్టానికి అమ్మాలి. ఆ నష్టం పూడ్చడానికి మాకు విరాళాలు తప్ప వేరే దారి లేదు. బిడ్‌లో హడ్ చూసేదల్లా కమీషన్లూ క్లోజింగ్ ఖర్చులూ పోను తన చేతికి ఎంత వస్తుందన్నదే. ఇన్వెస్టరుకు పై పరిమితి లేదు, మాకుంది. ఆ తేడా కాస్తయినా సర్దడానికే ఆ ముప్ఫై రోజులు పెట్టారు.

2. పిల్లల రక్తంలో సీసం. 1978కి ముందు కట్టిన ఇళ్లలో సీసం కలిసిన రంగులు ఉండే అవకాశం ఉంది. పెచ్చులూడిన కిటికీ చట్రం దగ్గర పాకే పిల్లాడికి ఆ దుమ్ము చేతికంటుకుని నోట్లోకి పోతుంది. చిన్న వయసులో బుర్రకు జరిగే నష్టం మళ్లీ పూడదు. క్లీవ్‌లాండ్‌లో ఇది ఎంత పెద్ద సమస్య అంటే, పాత అద్దె ఇళ్లకు లెడ్ సేఫ్ సర్టిఫికెట్ ఉండాలని 2019లో నగరం చట్టం చేసింది. 2021 నుంచి అమలు. కానీ 'ఇది అద్దె ఇల్లు కాదు, నేనే ఉంటున్నాను' అని రాసిచ్చిన ఇల్లు ఆ తనిఖీల కంట్లో ఎలా పడుతుంది? ఒక అబద్ధాన్ని కాపాడుకోవడానికి ఇంకొకటి కావాలి. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చున్న ఓనరు ఆ కిటికీని ఎప్పుడూ చూసి ఉండడు. చెడ్డవాడని కాదు. చూడలేదంతే.

3. ఆ వీధి. ఒకప్పుడు ఎఫ్‌హెచ్‌ఏ నల్లజాతివాళ్లు ఉండే పేటల్లో లోన్లకు ఇన్సూరెన్స్ ఇవ్వడానికి నిరాకరించేది. మ్యాపుల మీద ఎర్రగీతలు గీసి పక్కన పెట్టిన కాలం అది. 1968లో చట్టం వచ్చేదాకా అడిగే దిక్కు లేదు. ఇప్పుడు ఈ ఇళ్లు చాలావరకు అలాంటి పేటల్లోనే వస్తున్నాయి. అప్పట్లో తాత చేతికి రాని ఇల్లు, మనవరాలి చేతికి వచ్చేలోపు మళ్లీ జారిపోతోంది.

4. సంతకం పెట్టిన బావమరిది. ఈ సంగతి మనవాళ్ల కోసం ప్రత్యేకంగా రాస్తున్నాను. కొత్తగా హెచ్1బీ మీద వచ్చిన కుర్రాణ్ణి 'నీ పేరు వాడుకుంటాం, నీకేం కాదు' అని ఒప్పిస్తున్నారు. ఫెడరల్ ప్రభుత్వానికి అబద్ధపు వాంగ్మూలం ఇచ్చింది ఆ కుర్రాడు, మీరు కాదు. కేసు అయి మోసం నేరం రుజువైతే వీసా, గ్రీన్‌కార్డు, ఈ దేశంలో ఉండే హక్కు అన్నీ ప్రమాదంలో పడతాయి. నెలకు కొన్ని వందల డాలర్ల అద్దె లాభం కోసం ఒకడి జీవితాన్ని తాకట్టు పెడుతున్నారు, అదీ వాడికి పూర్తిగా అర్థం కాకుండానే.

5. నిజంగా ఇల్లు వెతుక్కుంటున్న తెలుగువాళ్లు కూడా దెబ్బతింటున్నారు. రెస్టారెంట్లో, గ్యాస్ స్టేషన్లో పనిచేసేవాళ్లు, ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటున్నవాళ్లు మన సభల వేదిక మీద కనిపించరు గానీ, ఉన్నారు.

నాకు వచ్చిన జవాబులకు కూడా సమాధానం చెప్పాలి. "అద్దె ఇళ్లూ అవసరమే కదా?" అవసరమే. గడువు దాటాక మిగిలిన ఇళ్లు అందరివీ. నెల రోజులు ఆగి కొనండి, బాగుచేయండి, అద్దెకివ్వండి. మీకు దండం పెడతాను. "మేం కష్టపడి సంపాదించిన డబ్బండీ." ఔను, మరి అవతలివాళ్ల కష్టం ఏ లెక్కలో వేస్తారు? "అందరూ చేస్తున్నారు." దీనికి నా దగ్గర జవాబు లేదు, సిగ్గు మాత్రం ఉంది.

మా ఊళ్లో బ్యాంకు వేలం వేసిన ఇల్లు కొనడానికి పెద్దవాళ్లు జంకేవాళ్లు. ఆ ఇంట్లోంచి ఏడుస్తూ వెళ్లినవాళ్ల ఉసురు తగులుతుందని. నేను ఉసురు గురించి రాయడం లేదు, నాకు ఆ నమ్మకాల్లేవు. కాగితం మీద సంతకం గురించే రాస్తున్నాను. అయినా ఆ జంకులో ఏదో ఇంగితం ఉందని ఈ మధ్య అనిపిస్తోంది.

ఇంకో మాట కూడా దాచకూడదు. నాన్‌ప్రాఫిట్ అని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన ఎవరూ పుణ్యాత్ములు కారు. 1996లో 203(కె) అనే రిపేరు లోను నుంచి హడ్ ఇన్వెస్టర్లను తప్పించింది, నాన్‌ప్రాఫిట్లకు మాత్రం తలుపు తెరిచే ఉంచింది. స్పెక్యులేటర్లు ఆ తలుపులోంచే వచ్చారు. న్యూయార్క్‌లో హార్లెం, బ్రూక్లిన్ పేటల్లో పాత భవనాలు చవగ్గా కొని, ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఉన్న లోన్లతో కొన్ని నాన్‌ప్రాఫిట్లకు ఎన్నో రెట్లకు అంటగట్టారు. రిపేర్లు జరగలేదు, లోన్లు మునిగాయి. వందల భవనాలు పాడుపడ్డాయి, అద్దెకున్నవాళ్లు కారే కప్పుల కింద మిగిలారు. ఆ అనుభవం ఉంది కాబట్టే ఇప్పుడు ఆమోదానికి అన్ని కాగితాలు, రెండేళ్లకోసారి మళ్లీ పరీక్ష. మాకు అది తలనొప్పే, కానీ ఉండాల్సిన తలనొప్పి.

ఇది చెప్పడానికి కారణం ఉంది. సంఘానికి రాసినప్పుడు ఒకరు ఫోన్ చేసి, "మన సంఘానికీ చారిటీ హోదా ఉంది కదా, మనమే ఆమోదం తెచ్చుకుని తగ్గింపులో ఇళ్లు కొంటే ఎలా ఉంటుంది?" అని ఉత్సాహంగా అడిగారు. ఎవరి కోసం కొందామని అడిగితే, "సభ్యులకే అనుకోండి" అన్నారు. ఆ ఆలోచన దయచేసి అక్కడే ఆపండి. చారిటీ హోదా సభ్యుల లాభానికి వాడుకోవడం చట్టవిరుద్ధం. హార్లెంలో జరిగిందీ దాదాపు ఇదే.

ఇక మేం అడుగుతున్నవి.

ఒకటి, ఇన్వెస్టర్లను. ఆ గడువులో బిడ్ వేయకండి, మీ పేరుతోనూ వద్దు, ఇంట్లోవాళ్ల పేరుతోనూ వద్దు. ఇప్పటికే అలా కొని పన్నెండు నెలలు నిండకుండానే అద్దెకు ఇచ్చి ఉంటే, ఈ లేఖ చదివి ఊరుకోకుండా ఒక లాయరుతో మాట్లాడండి. అందులో అద్దెకున్నవాళ్లను మాత్రం రోడ్డున పడేయకండి, వాళ్ల తప్పేం లేదు.

రెండు, రియల్టర్లను. ఆ కాగితాన్ని ఈ-సైన్ లింకులో పదో పేజీగా పంపి ఊరుకోకండి. క్లయింటుకు తెలుగులో చదివి వినిపించండి. పట్టుమని ఐదు నిమిషాలు పట్టదు. 'ఎవరూ చూడరు' అనే మాట మీ నోటి నుంచి రాకూడదు. దాని కింద మీ సంతకం కూడా ఉంది, మీ లైసెన్సు కూడా ఉంది.

మూడు, సంఘాల పెద్దలను. ఇలాంటి సెషన్లకు వేదిక ఇవ్వకండి. ఇవ్వాలనుకుంటే పక్కనే ఒక హౌసింగ్ కౌన్సెలర్‌ని కూర్చోబెట్టండి. హడ్ ఆమోదం ఉన్న కౌన్సెలింగ్ సంస్థలు మీ ఊళ్లోనే ఉంటాయి, పిలిస్తే వస్తారు. టీచర్లకు, పోలీసులకు, ఫైర్‌ఫైటర్లకు, ఎమర్జెన్సీ మెడికల్ సిబ్బందికి కొన్ని పేటల్లో హడ్ ఇళ్లు సగం ధరకే ఇచ్చే పథకం ఒకటుంది, మూడేళ్లు అక్కడే ఉండాలన్నది షరతు. మన పిల్లల్లో ఇప్పుడు టీచర్లున్నారు, పారామెడిక్స్ ఉన్నారు. ఏ తెలుగు సభలోనూ దీని గురించి చెప్పగా నేను వినలేదు. నిజంగా ఇళ్ల సేవ చేయాలనిపిస్తే కొత్త బోర్డు కట్టకండి. దశాబ్దాలుగా ఆ పని చేస్తున్న స్థానిక సంస్థకు చెయ్యందించండి. మాకు డబ్బు కంటే ముందు ఎలక్ట్రీషియన్లు, లెక్కలు ఆడిట్ చేసేవాళ్లు కావాలి.

నాలుగు, మాలాంటి సంస్థలను, అంటే మమ్మల్ని మేమే. కొన్న ప్రతి ఇంటికీ కొన్న ధర, రిపేరు ఖర్చు, అమ్మిన ధర అందరికీ కనిపించేలా పెట్టాలి. మా బోర్డులో ఈ తీర్మానం పెట్టాను. వచ్చే మీటింగులో ఓటింగ్ ఉంది.

హడ్‌కి ఇంగ్లిష్‌లో వేరే లేఖ వెళ్లింది. అందులో అడిగింది ఒక్కటే. ఆ పన్నెండు నెలల్లో ఒక్కసారైనా ఇంట్లో ఎవరుంటున్నారో చూడండి, కరెంటు బిల్లు ఎవరి పేరు మీదుందో అడిగినా చాలు అని.

వచ్చే సభల కార్యక్రమం ఖరారయ్యేలోపు సంఘాల నుంచి రాతపూర్వకంగా జవాబు కావాలి. ఆ సెషన్ మళ్లీ ఉంటుందా, ఉండదా? ఉంటే నాకు అందులో పది నిమిషాలు ఇవ్వండి, నా టికెట్టు నేనే కొనుక్కుని వస్తాను.

ఆ తల్లి ఇంకా మా లిస్టులోనే ఉంది. పోయిన నెల ఆమెకు అద్దె మళ్లీ పెరిగింది. శనివారం ఇంకో ఇల్లు చూడ్డానికి వెళ్తున్నాం. గడువులో ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి.

ఇట్లు,
క్లీవ్‌లాండ్ నుంచి ఒక తెలుగు వలంటీరు